రెండు ఆంగ్ల పదములు, ఒక స్పానిష్ పదము: నీతి, న్యాయము, నిరీక్షణ అనువాదములపై ఒక పరిశీలన

నీతి వ్యక్తికి సంబంధించినది, న్యాయము సమాజమునకు సంబంధించినది. సువార్త మొదటిదానిని గూర్చి మాట్లాడుతుంది గాని రెండవదానిని గూర్చి కాదు. ఈ మాట మన ప్రసంగ వేదికల మీద తరచుగా వినబడుతుంది. ఒకసారి ప్రసంగాభ్యాస తరగతిలో ఒక విద్యార్థి మత్తయి 5:6 మీద మాట్లాడుతూ ఇదే మాటను ఎంతో ధైర్యముగా చెప్పాడు. ఇది నీకు ఎక్కడ దొరికిందని అడిగితే ఒక ఆంగ్ల వ్యాఖ్యానము తెచ్చి చూపించాడు. అతడు తప్పుగా చదువలేదు. ఆ పుస్తకములో ఆ భేదము అలాగే ఉంది. అయితే ఆ భేదము మత్తయి వ్రాసిన గ్రీకులో నుండి వచ్చినది కాదు. ఆంగ్ల భాషా చరిత్రలో నుండి వచ్చినది.

ఈ సంగతిని మనకంటె ముందుగా, మనకంటె స్పష్టముగా గ్రహించినవారు ఆంగ్ల క్రైస్తవ గ్రంథములను స్పానిష్ భాషలోనికి మార్చే అనువాదకులు. ఎందుకనగా వారికి తప్పించుకొనే దారి లేదు. "దేవుడు మనలను రైటియస్‌నెస్‌కు మాత్రమే గాక జస్టిస్‌కు కూడ పిలుచుచున్నాడు" అన్న వాక్యము వారి యెదుటికి వచ్చినదనుకుందాము. స్పానిష్ బైబిలు వాడుకలో రెండింటికీ వచ్చే మాట హుస్తీసియాయే. ఉన్నదున్నట్లు మారిస్తే "దేవుడు మనలను హుస్తీసియాకు మాత్రమే గాక హుస్తీసియాకు కూడ పిలుచుచున్నాడు" అవుతుంది. అచ్చు తప్పు పడిందని చదువరి అనుకుంటాడు. తెలుగు అనువాదకునికి ఈ ఇబ్బంది లేదు. నీతి, న్యాయము అని రెండు మాటలు చేతిలో సిద్ధముగా ఉన్నవి గనుక అతడు ఆగి ఆలోచింపడు. ఆగని చోటనే పొరపాటు జరుగుతుంది.

ఆంగ్లములో ఈ రెండు పదములు రెండు వేర్వేరు కుటుంబములకు చెందినవి. రైటియస్ అనునది ఆ దేశపు ప్రాచీన భాషకు చెందినది. దానిలో తిన్ననిది, సరియైనది అన్న భావమున్నది. జస్ట్, జస్టిస్, జస్టిఫై అనునవి లాటిన్ పదములు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి భాష ద్వారా వచ్చి చేరినవి. పాలకుల భాషగా, న్యాయస్థానముల భాషగా ఫ్రెంచి చాలా కాలము నిలిచినందున జస్టిస్ అన్న మాటకు కోర్టు వాసన అంటుకున్నది. రైటియస్‌నెస్ మెల్లగా భక్తి జీవితమునకు పరిమితమైనది. నేడు ఆంగ్ల దినపత్రికలో రైటియస్‌నెస్ అన్న మాట అరుదు. దేవాలయములో మాత్రము నిత్యము వినబడుతుంది.

గ్రీకులో ఈ చీలిక లేదు. దికాయియోస్ అనగా నీతిమంతుడు, దికాయియోసునే అనగా నీతి, దికాయియోఓ అనగా నీతిమంతునిగా తీర్చుట. మూడును ఒకే వేరు నుండి మొలిచినవి. ఈ వేరును ఆంగ్లము ఎలా విరుగగొట్టినదో చూడాలంటే 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదములో రోమా 3:26 చదివితే చాలు. ఒక్క వచనములోనే రైటియస్‌నెస్, జస్ట్, జస్టిఫయర్ అని మాటలు మారుతూ వస్తాయి. రోమా 1:17లో కూడ దేవుని విషయములో రైటియస్‌నెస్, విశ్వాసమువలన జీవించువాని విషయములో జస్ట్. పౌలు ఒకే దారముతో అల్లిన వాదము అక్కడ రెండు రంగుల దారములతో కనబడుతుంది. మత్తయి 1:19లోని యోసేపు కింగ్ జేమ్స్‌లో జస్ట్. లూకా 1:6లోని జెకర్యా, ఎలీసబెతు రైటియస్. గ్రీకులో ఇద్దరి విషయములోను పదము ఒక్కటే.

స్పానిష్ బైబిలులో ఆ దారము తెగలేదు. హుస్తీసియా, హూస్తో, హుస్తిఫికార్ అన్న మూడు మాటలు లాటిన్ మూలము నుండి కలిసే వచ్చినవి. దీనిని ఆంగ్లము నుండి అరువు తెచ్చుకున్నదిగా ఎవరును తలంపరాదు. సెవిల్ పట్టణము దగ్గర సాన్ ఇసిదోరో దెల్ కాంపో అన్న మఠములో సన్యాసులుగా ఉన్న కొందరు సంస్కరణ భావములు స్వీకరించి 1557లో ప్రాణములు అరచేత పట్టుకొని పారిపోయారు. వారిలో ఒకడు కసియొదోరో దె రేయినా. 1562లో సెవిల్‌లో ఇంక్విజిషన్ అధికారులు అతని దిష్టిబొమ్మను తగులబెట్టించారు. మనిషి దొరకలేదు గనుక. అతని స్పానిష్ బైబిలు 1569లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో అచ్చయినది. ముఖపత్రము మీద ఎలుగుబంటి బొమ్మ ఉన్నందున దానిని ఎలుగుబంటి బైబిలు అని పిలుస్తారు. అదే మఠము నుండి పారిపోయిన సిప్రియానో దె వలేరా దానిని సవరించి 1602లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రచురించాడు. కింగ్ జేమ్స్ బైబిలు అప్పటికింకను పుట్టలేదు. రేయినా-వలేరా అన్న పేరుతో 1909లోను 1960లోను సవరింపబడిన ఆ అనువాదమే నేటికిని లాటిన్ అమెరికాలోని సువార్తిక సంఘములలో ఎంతో మంది చేతిలో ఉన్నది.

కాబట్టి మెక్సికోలోనో పెరూలోనో ఒక సామాన్య విశ్వాసి మత్తయి 5:6 తెరచినపుడు హుస్తీసియా కొరకైన ఆకలిదప్పులను గూర్చి చదువుతాడు. 6:33లో దేవుని రాజ్యముతో కూడ వెదకవలసినది ఆయన హుస్తీసియా. బయట వీధిలో జీతము ఎగవేసిన యజమాని మీద కార్మికులు అడిగేది కూడ హుస్తీసియాయే. దేవాలయములోని మాట, వీధిలోని మాట ఒక్కటే. ఆంగ్లములో చదివే విశ్వాసికి ఈ అనుభవము కలుగదు.

ఇక ఆంగ్లము నుండి స్పానిష్‌కు మార్చేవారు ఏమి చేస్తారు? ముఖ్యముగా రెండు మార్గములున్నవి, రెండింటిలోను నష్టమున్నది. రైటియస్‌నెస్‌కు రెక్తితూద్ అని, అనగా ఋజువర్తన అని వేసి, హుస్తీసియాను జస్టిస్‌కు విడిచిపెట్టవచ్చును. వాక్యము చక్కగా చదువబడుతుంది. కాని చదువరి చేతిలోని బైబిలులో రోమా పత్రికయంతటిలోను హుస్తీసియా ఉండగా, దానిని వివరించే పుస్తకములో రెక్తితూద్ ఉంటుంది. పుస్తకము వేరొక సంగతిని గూర్చి మాట్లాడుతున్నట్లు తోస్తుంది. రెండవ మార్గము, హుస్తీసియాను రైటియస్‌నెస్‌కు ఉంచి జస్టిస్‌కు దెరేచో అనుట. దెరేచో అనగా హక్కు, ధర్మశాస్త్ర విద్య, కుడి వైపు, తిన్ననిది. ఇన్ని అర్థములు ఒకే మాటకున్నవి. ఆమోసు 5:24లో ఈ మార్గమే కొన్ని ఆధునిక స్పానిష్ అనువాదములకు ఉపయోగపడినది. హెబ్రీలో అక్కడ మిష్పాట్, సెదాకా అని నిజముగానే రెండు పదములున్నవి. 1960 నాటి రేయినా-వలేరా మొదటిదానికి హువీసియో అని, రెండవదానికి హుస్తీసియా అని పెట్టినది. హువీసియో అనగా తీర్పు, కోర్టు విచారణ. వివేకము అని కూడ అర్థమున్నందున స్పానిష్ వారు జ్ఞానదంతమును సైతము ఆ మాటతోనే పిలుస్తారు. పేదల పక్షముగా ఆమోసు వేసిన కేక ఆ మాటలో సరిగా వినబడలేదని తరువాతివారు దెరేచోను ఎన్నుకున్నారు.

ఇక్కడ నిజాయితీగా ఒక సంగతి ఒప్పుకోవాలి. స్పానిష్ బైబిలు అన్ని చోట్లను మూలమునకు దగ్గరగా ఉన్నదని నేను చెప్పుట లేదు. మత్తయి 23:23లో ధర్మశాస్త్రములోని ప్రధానమైన విషయములలో మొదటిది గ్రీకులో క్రిసిస్. మన తెలుగు బైబిలులో న్యాయము. 1909 స్పానిష్‌లో అది హువీసియోగా ఉండేది. 1960 సవరణలో హుస్తీసియా అయినది. అందుచేత 5:6లోని పదము, 23:23లోని పదము వేరని స్పానిష్ చదువరికి తెలియదు. తెలుగు చదువరికి తెలుస్తుంది. ఈ ఒక్క చోట మన అనువాదము మేలు.

ఈ చర్చ అంతా నిఘంటువుకు సంబంధించినదిగా అనిపించవచ్చును. కాని దీనిలో నుండి ఒక పెద్ద అపార్థము పుట్టినది. లాటిన్ అమెరికా వేదాంతమును మనమందరము ఆంగ్లములోనే చదివాము. 1968లో కొలంబియాలోని మెదెయీన్ నగరములో కతోలిక బిషప్పులు సమావేశమై వెలువరించిన పత్రములలో మొదటి దాని పేరు హుస్తీసియా, రెండవ దాని పేరు శాంతి. గుస్తావో గుతియేరెస్ వ్రాసిన విమోచన వేదాంత గ్రంథము 1971లో లీమాలో వెలువడి 1973లో ఆంగ్లములోనికి వచ్చినది. స్పానిష్‌లో వీటిని చదివినవాని చెవిలో హుస్తీసియా అన్న ప్రతి చోటను కొండమీది ప్రసంగము మ్రోగుతుంది. ఆంగ్ల అనువాదములో అది జస్టిస్ అయినది. ఆ చెవికి కొండమీది ప్రసంగము వినబడదు, శాసనసభ వినబడుతుంది. అప్పుడు మనవారు ఏమన్నారు? వీరు బైబిలులోని రైటియస్‌నెస్‌ను తీసివేసి దాని స్థానములో రాజకీయమును కూర్చోబెట్టారన్నారు. గుతియేరెస్ 2024లో మరణించాడు. ఆయన వేదాంతముతో ఏకీభవించకపోవుటకు సరియైన కారణములుండవచ్చును, నాకును కొన్ని ఉన్నవి. కాని ఈ కారణము మాత్రము చెల్లదు. ఆయన పదమును మార్చలేదు. తన ప్రజల బైబిలులో ఉన్న పదమునే వాడాడు.

ఎల్సా తామెస్ విషయము ఇంకను ఆసక్తికరము. మెక్సికోలో పుట్టి కోస్తారికాలో బోధించిన ఈ ప్రొటెస్టెంట్ పండితురాలు 1991లో విశ్వాసమూలమైన నీతిని గూర్చి ఒక గ్రంథము వ్రాసింది. దాని స్పానిష్ పేరుకు "సమస్త శిక్షావిధికి ఎదురుగా" అని అర్థము. వెలివేయబడినవారి దృష్టితో విశ్వాసమువలన నీతిమంతులుగా తీర్చబడుట అన్నది ఉపశీర్షిక. పేదవానికి, పనికిరానివాడని తీర్పు పొందినవానికి రోమా పత్రిక ఏమి చెప్పుచున్నదని ఆమె ప్రశ్న. హుస్తీసియా, హుస్తిఫికార్ ఒకే ధ్వనితో ఉన్న భాషలో ఈ ప్రశ్న సహజముగా పుడుతుంది. 1993లో వచ్చిన ఆంగ్ల అనువాదమునకు పెట్టిన పేరు "కృప ప్రసాదించు క్షమాభిక్ష" అన్న అర్థమిస్తుంది. మంచి పేరే. కాని మొదటి పేరులోని న్యాయస్థానపు గోడ అందులో కొంత కనుమరుగైనది.

దీనికి రెండవ ప్రక్క కూడ ఉన్నది. హుస్తీసియా అన్న మాట వినగానే పోలీసు, కోర్టు, శిక్ష జ్ఞాపకము వచ్చే ప్రజలకు "దేవుని హుస్తీసియా" సువార్తగా వినబడుట కష్టము. ఇది కొత్త కష్టము కాదు. లాటిన్ బైబిలులో ఇదే పదము చదివిన మార్టిన్ లూథరు, రోమా 1:17లోని దేవుని నీతి పాపిని శిక్షించే నీతియని తలంచి ఆ మాటనే ద్వేషించానని 1545లో వ్రాసిన పీఠికలో ఒప్పుకున్నాడు. అది దేవుడు దానముగా అనుగ్రహించు నీతియని గ్రహించినపుడు పరదైసు ద్వారములు తెరువబడినట్లయినదని కూడ చెప్పాడు. స్పానిష్ మాట్లాడే కాపరి ప్రతి తరములోను ఈ వివరణ మరల ఇచ్చుకోవాలి.

మరి తెలుగులో? మన బైబిలు ఇక్కడ స్పానిష్ పక్షముననే ఉన్నది. రోమా 3:26లో నీతి, నీతిమంతుడు, నీతిమంతునిగా తీర్చువాడు, వేరు తెగలేదు. పైగా తీర్చు అన్న క్రియలో తీర్పు దాగి ఉన్నది, అప్పు తీర్చుట, తగవు తీర్చుట అన్న వాడుకలున్నవి. ఇంత మంచి మాటను మన పూర్వులు ఏర్పరచి ఇవ్వగా మనము ఆంగ్లములో నుండి జస్టిఫికేషన్ తెచ్చుకొని వేదిక మీద పలుకుతాము. అయితే నీతికి మన ఇబ్బంది మనకున్నది. బడిలో నీతి కథలు, నీతి శతకములు చదివిన చెవికి నీతి అనగా మంచి నడవడి. మత్తయి 5:6 విన్న విశ్వాసి, అబద్ధమాడకుండ, త్రాగకుండ ఉండవలెనన్న కోరికగా దానిని గ్రహిస్తాడు. అదే మనిషి మరునాడు పత్రికలో అవినీతి అన్న మాట చదివితే మంచి నడవడి లేకపోవుట అనుకోడు. లంచమనుకుంటాడు, పేదవాని పింఛను మింగిన అధికారి అనుకుంటాడు. అవినీతిలో సమాజమున్నపుడు నీతిలో ఎందుకుండదు? మత్తయి 6:1లో నీతికార్యము అన్న వెంటనే వచ్చేది పేదలకు ధర్మము చేయుటను గూర్చిన మాట. ఆ విద్యార్థికి ఆ రోజు నేను చూపించినది ఈ వచనమే.

రెండవ ఉదాహరణ నిరీక్షణ. ఆంగ్లములో హోప్, వెయిట్, ఎక్స్‌పెక్ట్ అని మూడు క్రియలు. స్పానిష్‌లో మూడింటికిని ఎస్పెరార్ అన్న క్రియయే వాడతారు. నామవాచకములు మాత్రము వేరు: ఎస్పెరాన్సా అనగా నిరీక్షణ, ఎస్పేరా అనగా ఎదురుచూపు. ఒక ఆంగ్ల పుస్తకము "క్రైస్తవుని హోప్ కేవలము వెయిట్ చేయుట కాదు" అని చెప్పినపుడు స్పానిష్ అనువాదకుడు కలము క్రింద పెట్టి ఆలోచింపవలసి వస్తుంది. బస్సు కొరకు చేసేదీ, మృతుల పునరుత్థానము కొరకు చేసేదీ అతని భాషలో ఒకే క్రియ. భేదము చూపాలంటే క్రియ ప్రక్కన వచ్చే విభక్తి మాటలను ఆశ్రయించాలి. రేయినా-వలేరాలో యెషయా 40:31 యెహోవా కొరకు ఎదురు చూచుట, కీర్తన 42:5 దేవునియందు నిరీక్షించుట. రెండు చోట్లను ఎస్పెరార్, దాని వెంట వచ్చే చిన్న మాట మాత్రమే మారుతుంది. తెలుగులో కొరకు, యందు చేసే పనియే అది.

మన నిరీక్షణ అన్న మాట కూడ ఇటువంటిదేనని మనము మరచిపోయాము. సంఘము బయట నిరీక్షణ అనగా ఎదురుచూపే. ఆసుపత్రిలో డాక్టరు కొరకు నిరీక్షణ, రైలు కొరకు నిరీక్షణ. సంఘములో మాత్రము అది ఆంగ్లపు హోప్‌కు సమానార్థకమైపోయి, ఎదురుచూచుట అన్న భావము మెల్లగా ఆవిరైనది. రోమా 8:25 దగ్గర స్పానిష్ అనువాదకులకును తెలుగు అనువాదకులకును ఒకే చిక్కు వచ్చినది. గ్రీకులో నిరీక్షించుటకు ఒక క్రియ, ఓపికతో ఎదురు చూచుటకు వేరొక క్రియ. స్పానిష్‌లో ఎస్పెరార్ మొదటి సగములోనే ఖర్చయిపోయినందున 1960 సవరణవారు రెండవ సగమునకు అగ్వార్దార్ అన్న వేరొక క్రియ తెచ్చుకున్నారు. తెలుగులో నిరీక్షించు ఖర్చయినందున మనవారు కనిపెట్టు అన్నారు. నేటి యువకునికి కనిపెట్టుట అనగా కొత్త యంత్రము కనిపెట్టుట. కనిపెట్టు ప్రార్థన అని ప్రకటిస్తే కొందరు చిరునవ్వు నవ్వుతారు. కన్ను పెట్టి, రెప్ప వాల్చక దారి చూచుట అని ఒకసారి విడదీసి చెప్పితే ఆ నవ్వు ఆగుతుంది.

ప్రేమను గూర్చి క్లుప్తముగా. "మన భాషలో ప్రేమకు ఒకే మాట ఉన్నది, గ్రీకులో అనేకమున్నవి" అన్న వాక్యము ఆంగ్ల వ్యాఖ్యానములలో సర్వసాధారణము. స్పానిష్‌లోనికి మార్చినపుడు ఇది అబద్ధమవుతుంది. వారికి అమార్, కెరేర్ అని రెండు క్రియలున్నవి. యోహాను 21:15-17లో 1960 రేయినా-వలేరా అంతటను అమార్ వాడినది. 1986 నాటి బిబ్లియా దె లాస్ అమేరికాస్, 1999 నాటి నువేవా వెర్సియోన్ ఇంతెర్నసియోనాల్ మాత్రము గ్రీకులోని రెండు క్రియలను అనుసరించి పేతురు జవాబులలోను మూడవ ప్రశ్నలోను కెరేర్ పెట్టినవి. యోహాను ఈ రెండు క్రియలకు నిజముగా భేదము ఉద్దేశించాడా అన్నది వేరే ప్రశ్న. తండ్రి కుమారుని ప్రేమించుట 3:35లో ఒక క్రియతో, 5:20లో రెండవ క్రియతో ఉన్నదని మరువకూడదు. తెలుగులో ఆ వాక్యమును ఉన్నదున్నట్లు వల్లించుట మరీ విచిత్రము. వాత్సల్యము, అనురాగము, మమత, అభిమానము, ఆప్యాయత ఉన్న భాషలో నిలబడి మనకు ఒకే మాట ఉన్నదని చెప్పుచున్నాము. 1 కొరింథీ 13లోని మార్పు అందరికి తెలిసినదే: ఆంగ్లములో చారిటీ పోయి లవ్ వచ్చినట్లే స్పానిష్‌లో 1909 నాటి కరిదాద్ 1960లో అమోర్ అయినది.

చివరిగా ప్రభువు ప్రార్థన. మత్తయి 6:12లో కింగ్ జేమ్స్ డెట్స్ అనగా, ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకము ట్రెస్‌పాసెస్ అంటుంది; ఒకటి అప్పులు, మరియొకటి అపరాధములు. ఆంగ్ల సంఘములు కలిసి ప్రార్థించినపుడు సరిగా ఈ మాట దగ్గర గొంతులు విడిపోతాయి. స్పానిష్‌లో రేయినా-వలేరా దేఉదాస్ అని, అనగా అప్పులనే ఉంచినది. కతోలికుల ప్రార్థనలో కూడ పూర్వము అదే ఉండేది. తరువాత దానిని ఒఫెన్సాస్‌గా, అనగా అపరాధములుగా సవరించారు. అర్థము సులభమైనది, అందులో సందేహము లేదు. అయితే 1982లో మెక్సికో విదేశీ అప్పు తీర్చలేనని ప్రకటించిన నాటి నుండి దేఉదా అన్నది ఆ ఖండమంతటిలో ప్రతి ఇంటికి తెలిసిన మాట. అధిక ధరగాను ఊడిన ఉద్యోగముగాను ఇంటిలోనికి వచ్చి కూర్చున్న మాట. ప్రార్థనలో ఆ మాటను పలుకుట వేరు, అపరాధములు అని పలుకుట వేరు. మన తెలుగు బైబిలులో ఋణములు, ఋణస్థులు అనే ఉన్నది. తెలుగు కతోలికుల సంప్రదాయ పరలోక జపములో ఇంకను తేటగా, అప్పులు అనే ఉన్నది. వడ్డీ వ్యాపారికి పొలము కాగితములు వ్రాసి ఇచ్చిన రైతు ఆదివారమున నిలబడి ఆ మాటను పలుకుతాడు.